నలభై ఒకటో నిమిషం

మా ఫిన్లాండ్ పల్లెలో హిల్క ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచింది. ఆమె బండి మా ఇంటి ముందు ఆగిందంటే తొమ్మిదీ పది. మా గోడ గడియారం కాదంటే గడియారాన్నే దిద్దుకునేవాళ్ళం. ముక్కుసూటి మనిషి, నవ్వు తక్కువ.

ఆమె తమ్ముడు తౌనోకి ఆవుల కొట్టం ఉంది, టైము స్పృహ లేదు. తన పెళ్ళికే ఆలస్యంగా వెళ్ళి పెళ్ళికూతురి చేత చీవాట్లు తిన్న ఘనుడు. అలాంటివాడికి కార్ల ర్యాలీ పందేల పిచ్చి. ఎవరో ముసలావిడ చర్చికి వెళ్ళిరావడానికి వాడుకున్న చిన్న కారు కొని, వెనక సీట్లు పీకి, బోల్తా కొట్టినా నలగకుండా లోపల ఇనప గొట్టాల పంజరం బిగించాడు. ఇంజన్ మాత్రం ముసలావిడదే. ర్యాలీల్లో అన్నిటికన్నా కింది తరగతి కార్లవి. పక్క సీట్లో అక్క కూర్చుని, కాగితం చూసి మలుపు మలుపూ చదివేది. టైము లెక్కా ఆమెదే.

పద్నాలుగేళ్ళు తిరిగినా వాళ్ళ తరగతిలో మొదటి స్థానం ఒక్కసారీ దక్కలేదు. ఇంతలో తౌనో నడుం పాడైంది. డాక్టరు ఇక చాలించమన్నాడు. మొన్న జరిగిందే వాళ్ళ ఆఖరి ర్యాలీ. ర్యాలీ అంటే విడివిడి పరుగులు, అన్నిటి టైమూ కలిపి చూస్తారు. ఒక్క పరుగు మిగిలి ఉండగా తమ తరగతిలో ముప్ఫై ఎనిమిది సెకన్ల ముందున్నారు.

ఆ పరుగు మొదలయ్యే చోట బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చున్నది నేనే. ప్రతి కారూ ఇక్కడికి ఏ నిమిషానికి చేరాలో లెక్క ఉంటుంది. ఆలస్యమైతే నిమిషానికి పది సెకన్లు జరిమానా. ముందైతే నిమిషానికి అరవై. టైము రాయించుకునే కార్డు నా చేతిలో పెట్టిన నిమిషమే లెక్క. అందుకే అందరూ కాస్త ముందే వచ్చి, బల్ల పక్కన నిలబడి, తమ నిమిషం వచ్చేదాకా కార్డు వదలరు.

హిల్క కారు దిగి నేరుగా వచ్చి కార్డు ఇచ్చేసింది. చూస్తే ఆమె ఒకటీ నలభై రెండుకి ఇవ్వాలి. నా గడియారంలో నలభై ఒకటి. ముందు బండి ఇరుక్కోవడంతో వాళ్ళ కిందటి పరుగు ఒక నిమిషం ఆలస్యంగా మొదలైంది. హిల్క ముందురోజే వంటింట్లో కూర్చుని లెక్కలన్నీ గళ్ళ కాగితం మీద వేసుకొచ్చింది. ఆ ఒక్క నిమిషం కలపడం మరిచిపోయింది.

"హిల్కా, ఇంకా నలభై ఒకటే. ఇది పట్టుకుని కాసేపు నిలబడు. నేను చూళ్ళేదు."

ఆమె గడియారం వైపు చూసింది.

"చూశావుగా. ఇచ్చింది ఇచ్చినట్టే. రాయి."

"ఆఖరిది కదా. కార్లో ఆ తౌనో మొహం చూడు."

"వాడి మొహం వాడు పుట్టినప్పట్నించీ చూస్తున్నాలే. రాయి, వెనక బండి వస్తోంది."

రాశాను. నా చేతులతో నేనే రాశానని ఇప్పటికీ బాధే.

ఆమె తౌనోకి ఏమీ చెప్పలేదు. చెబితే వాడు చెట్టుకు గుద్దుతాడని భయం. ఎప్పటిలాగే గొంతు వణక్కుండా మలుపులు చదివింది. తౌనో బాగానే తోలాడు. ఐదు సెకన్ల తేడాతో రెండో స్థానం వచ్చింది.

ర్యాలీ అయ్యాక నేను వెళ్ళేసరికి ఫైర్ స్టేషన్ ఆవరణలో అందరూ బఠాణీ సూపు తాగుతున్నారు. హిల్క తమ్ముడి ఎదురుగా నిలబడి ఉంది.

"నిమిషం ముందు కార్డు ఇచ్చేశాన్రా. అరవై సెకన్లు పడ్డాయి. తప్పు నాదే."

తౌనో సూపు గిన్నె కింద పెట్టాడు.

"కార్లోంచి నాకూ గడియారం కనబడిందక్కా. నలభై రెండని నా బుర్రలో ఉంది. నువ్వేమో నలభై ఒకటికే ఇచ్చేశావు."

"మరి అరిచి చావొచ్చుగా."

"నేనే తప్పు లెక్కేసి ఉంటాననుకున్నా. నువ్వు తప్పేస్తావని ఎలా అనుకుంటాను?"

అంతసేపూ గట్టిగా ఉన్న హిల్క, అందరి మధ్యా నిలబడి ఏడ్చేసింది.