ఆకు అందుకున్నాక

ఈ ఉదయం రాయదుర్గం నుంచి హుస్సేన్‌బీ వచ్చింది. కుట్టుమిషన్ల కార్ఖానాలకు ఆడవాళ్ళను పనికి కుదిర్చే మనిషి. పెద్ద ధరావతు కట్టినవాళ్ళే ఇకమీదట మనుషులను పంపాలని కొత్త నిబంధన రాబోతున్నదట, అర్జీ రాసిపెట్టమంది. అంటూనే తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన తమలపాకుల కట్ట విప్పింది. ఆకు ఘాటూ తడిసిన గోనె వాసనా కలిసి తగలగానే, చాచబోయిన నా చెయ్యి ఆగిపోయింది. అట్లా ఆగడం నాకు ఓబులమ్మక్క వల్ల అలవాటైంది.

ఓబులమ్మక్క కూలీ మేస్త్రీ. కణేకల్ వైపు మెట్ట పల్లెల నుంచి కుటుంబాలను కూడగట్టి కాలువ తవ్వకాలకూ రోడ్డు పనులకూ తీసుకుపోయేది. జిల్లాలోని చిన్న మేస్త్రీలంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమే పెద్ద. నేను 1960 జూన్‌లో ఆ సంఘం కాగితాలు రాసే పనిలో చేరాను. జూలై అని మా ఆయన వాదించేవాడు. ఆయనకు తేదీలు గుర్తుండేవి కావు.

ఆమె ఎవరినైనా పనికి కుదుర్చుకుంటే ఇంటి పెద్ద చేతిలో ఆకూవక్కా పెట్టేది. అందుకున్న మనిషి ఆ పని ముగిసేదాకా వేరే మేస్త్రీ వెంట పోకూడదు. పెట్టిన మేస్త్రీ, పని ఆగిపోయినా సరే, ఆ ఇంటి తిండి చూడాలి. మా వైపు మేస్త్రీల కట్టుబాటు అది. ఒకసారి మట్టిపెళ్ళ మీద పడి తిప్పన్న అనే కూలీకి కాలు విరిగింది. పక్క ముఠా మేస్త్రీ సలహా ఇవ్వడానికి వచ్చాడు.

"కుంటోన్ని పెట్టుకోని ఏం చేస్తావక్కా? ఊరికి పంపీ."

"ఆకు నీ చేతిలో పెట్టినానా, వాని చేతిలో పెట్టినానా?"

"వాని చేతిలోనే."

"మరి నొప్పి నీకెందుకప్పా?"

తిప్పన్న ఆ పని ముగిసేదాకా చెట్టు నీడన కూర్చుని నీళ్ళ కడవలకు కాపలా ఉన్నాడు. తిండి మాత్రం ఎప్పటిలాగే తిన్నాడు.

మరుసటి ఏడు చలికాలంలో పెద్ద కబురు వచ్చింది. సర్కారు పనులకు ధరావతు కట్టినవాళ్ళే కూలీలను తేవాలని ప్రభుత్వం ఆలోచిస్తున్నదట. మా చిన్న మేస్త్రీల్లో అంత కట్టగలవాడు ఒక్కడూ లేడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేసవిలో కాలువ పని దొరక్కపోతే కణేకల్ కుటుంబాలకు పొయ్యి వెలగదు. ప్రభుత్వంతో మాట్లాడేది హైదరాబాదులోని రాష్ట్ర సంఘం. అందులో కోస్తా జిల్లాల పెద్ద మేస్త్రీలదే పెత్తనం. ధరావతు వాళ్ళకు భారం కాదు, చిన్నవాళ్ళ పోటీ తప్పుతుంది కూడా. చిన్న మేస్త్రీలు కొందరు కలిసి ఒకరికొకరు పూచీ పడితే చాలన్న మాట రాష్ట్ర సంఘం అర్జీలో చేర్పించాలని మేమిద్దరం రైలెక్కాం.

రాష్ట్ర సంఘం అధ్యక్షుడు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీలు వేయించాడు. ఓబులమ్మక్క చెప్పినదంతా విని, "చూద్దాంలెండమ్మా, మీరూ మా వాళ్ళేగా," అన్నాడు. ఆమె సంచిలోంచి ఆకూవక్కా తీసి చాచింది. ఆయన నవ్వుతూ అందుకుని నోట్లో వేసుకున్నాడు.

గేటు దాటగానే నేను, "రాసిమ్మని అడుగుదామక్కా," అన్నాను.

"ఏం రాసేది? నీ కండ్ల ముందరే ఆకు తీసుకున్యాడు కదమ్మా."

"ఆయన ఊరికే తిన్నాడేమో."

"ఆకు ఊరికే యాడన్నా తింటారా?" అని నన్నే ఎగాదిగా చూసింది.

ఊరు చేరగానే ఆ ధైర్యంతోనే కుటుంబాలన్నిటికీ ఆకు పెట్టేసింది. మార్చిలో ఉత్తర్వు వచ్చింది. పూచీ మాట అందులో లేదు. రాష్ట్ర సంఘం పంపిన అర్జీలోనూ లేదని తర్వాత తెలిసింది. కాలువ దగ్గర మమ్మల్ని నిలవనీయలేదు. పారలు, గంపలు, చంటిపిల్లలతో జనమంతా ఆమె ఇంటి ముందు దిగారు.

ఆమె అధ్యక్షుణ్ణి తిడుతుందనుకున్నాను. అరుగు మీద కాసేపు కూర్చుని, "ఆయప్ప తప్పేం లేదు. వాళ్ళ సీమలో అన్నం తిన్నంక ఆకు తింటారు, అంతే. ఆకంటే మీకేందని నేనే అడగలేదు," అంది. లేచి చెంగు బిగించింది. "ఆకు పెట్టింది నేను. పదండి."

ఆ వేసవంతా ఆమె ఊరూరా తిరిగింది. ఎండిన బావుల్లో పూడిక తీయించుకోండని రైతుల గడపలు ఎక్కింది. "నీళ్ళే లేవు, బావెందుకమ్మే?" అని ఎగతాళి చేసినవాళ్ళకు, "వాన పడినంక తీస్తావా, నీళ్ళలో దిగి?" అని జవాబిచ్చింది. ఒక ఊళ్ళో పూడిక, ఇంకో ఊళ్ళో గట్టు. పని లేని రోజు తన ఇంట్లోనే రాగిముద్ద వండించి, అందరూ తిన్నాక తాను తినేది. మనిషి సగమైపోయింది. తొలకరి పడేదాకా ఒక్క కుటుంబాన్నీ విడిచిపెట్టలేదు.

ఆ తిరుగుడులోనే ఆమె ఇంకో పని చేసింది. నా చేత చుట్టుపక్కల జిల్లాల చిన్న మేస్త్రీలకు ఉత్తరాలు రాయించింది. ఆ ఏడు చివర రాష్ట్ర సంఘం సర్వసభ్య సమావేశానికి వాళ్ళు కూడా కదిలి వచ్చారు, పాలమూరు నుంచి, కర్నూలు నుంచి.

సమావేశంలో అధ్యక్షుడు ఆమెను గుర్తుపట్టి, తానే తాంబూలం పళ్ళెం ముందుకు జరిపాడు. "తీసుకోండమ్మా. పోయినసారి మీ ఆకు నేను తిన్నాను."

"తిన్యావన్నా. దానెంబడి మా ఊర్లో జనమంతా కాలువకు పోయి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చినారు."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మా కట్టుబాటు చెప్పింది, గొంతు పెంచకుండా. ఆయన మొహంలో నవ్వు పోయింది. "నాకు తెలియదమ్మా," అన్నాడు.

"తెలీదని నాకిప్పుడు తెలిసె. అందుకే ఈతూరి ఆకు తేలేదు, కాగితం తెచ్చినా."

నేను అర్జీ బల్ల మీద పెట్టాను. వెనక నుంచి ఒక పెద్ద మేస్త్రీ, "దమ్మిడీ ధరావతు లేనివాళ్ళ పూచీకి విలువేముంది?" అన్నాడు. ఓబులమ్మక్క వెనక్కి తిరిగింది. "మొన్న వేసవిలో పని లేని మనుషులకు నువ్వెన్ని పూట్లు తిండి పెట్టినావన్నా? మేం పెట్టినాం. అదే మా ధరావతు." పాలమూరు వాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ వెనక మిగతా చిన్న మేస్త్రీలు. అధ్యక్షుడు చాలాసేపు కాగితం చదివి, చివరికి కలం తీశాడు. సంతకం మీద సిరా ఆరాక ఆమె పళ్ళెంలోంచి ఆకు తీసుకుంది.

మేం అడిగినదంతా రాలేదు. పెద్ద కాలువలకు ధరావతు ఉండనే ఉండింది. చిన్న పనులకు మాత్రం పూచీ చాలని మరుసటి వేసవికి ప్రభుత్వం ఒప్పుకుంది. కణేకల్ కుటుంబాలు పనిలోకి దిగిన రోజు ఓబులమ్మక్క గట్టు మీద నిలబడి, "మిగతాదానికి మళ్ళా పోదాం, రైలు యాడికీ పోదు," అంది. మళ్ళీ వెళ్ళాం. ఆమె ఉన్నన్నాళ్ళూ వెళుతూనే ఉన్నాం.

హుస్సేన్‌బీ ఇంకా ఆకు పట్టుకునే నిలబడి ఉంది. "ఏమవ్వా, తీసుకోవా?" అంది.

"నువ్వు పనికి పెట్టిన ఆడోళ్ళకు పని ఆగితే ఎవురు చూస్తారు?"

"నేనే సూస్తా. ఇంకెవురుండారు?"

ఆకు అందుకున్నాను. నోట్లో వేసుకోలేదు. నీళ్ళ చెంబు మూత మీద పెట్టి, అర్జీ రాయడానికి కళ్ళద్దాలు తెమ్మన్నాను.