ట్రాక్ లేకుండా పాడిన వీరాంజనేయులు

మా అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట కార్లొచ్చి ఆగుతాయి, మనుషులు దిగుతారు, లోపలికెళ్ళి తలుపులేసుకుంటారు. వీరాంజనేయులు మాత్రం దిగేవాడు కాదు. అద్దాలెత్తుకుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. అమెరికాలో మా ఊరు పార్సిప్పనీలో మగాడు కార్లో అలా కూర్చున్నాడంటే ఉద్యోగమైనా ఊడి ఉండాలి, పెళ్ళాంతోనైనా పడకపోయి ఉండాలి. మా బిల్డింగంతా అదే అనుకుంది, అనుకుని ఊరుకుంది. నాకు ఊరుకోవడం చేతకాదు. రెండువేల తొమ్మిది డిసెంబరు, వణికించే చలి. స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని వెళ్ళి అద్దం మీద కొట్టాను.

"ఏమయ్యా ఆంజనేయులూ, ఇంటికెళ్ళవా?"

"వెళ్తానండి పిన్నిగారూ. చప్పట్లు అయిపోనివ్వండి."

"చప్పట్లేమిటయ్యా?"

పక్క తలుపు తీశాడు. ఎక్కి కూర్చున్నాను. కార్లో సీడీ తిరుగుతోంది. చప్పట్లే, నిజంగానే. ఈలలు కూడా. ఎవరో ఆడమనిషి పకపకా నవ్వుతోంది, ఎక్కడో గ్లాసు కిందపడింది. పాడేవాడు గొంతు సవరించుకుని వాళ్ళతో ఏదో మాట్లాడి ఇంకో పాట ఎత్తుకున్నాడు. గిటారు, ఫిడేలు, బండి గతుకుల్లో పోతున్నట్టు ఒక దరువు. సగంలో వాడు మాట మరిచిపోయాడు. ముందు వరసలోవాళ్ళు అందించారు. వాడు నవ్వుకుంటూ అక్కణ్ణించి అందుకున్నాడు.

"తప్పు పాడాడు కదా, దాన్ని కోసెయ్యకుండా అలాగే అమ్ముకున్నారేమిటి?" అన్నాను.

"అందుకే కదండీ వినేది," అన్నాడు.

అదేదో కంట్రీ మ్యూజిక్‌ట, ఇక్కడి పల్లెల్లో గుర్రాలవాళ్ళు పాడుకునే పాటలు. టెక్సస్‌లో ఒక డాన్సుల హాల్లో జనం ముందు పాడుతుంటే పాడింది పాడినట్టు పట్టిన పాత రికార్డు. పాడినవాడి పేరు చెప్పాడు గానీ నా నోరు తిరగలేదు.

వీరాంజనేయులిది రేపల్లె దగ్గర పల్లెటూరు. రెండువేల ఒకటిలో వచ్చాడు ఈ దేశం. రాగానే కంపెనీవాళ్ళు టెనెసీలో ఒక చిన్న ఊరికి ప్రాజెక్టు మీద పంపారు. మన మనిషి అన్నవాడు లేడు, ఇడ్లీ లేదు, సినిమా లేదు. మోటెల్లో గది. ఆ మోటెల్ ఓనరు పెద్దాయన కౌంటర్లో ఈ రికార్డు వేసుకుని వినేవాడట. మొదట్లో వీడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ జనం గోల వింటుంటే గదిలో పదిమంది ఉన్నట్టుండేదన్నాడు. పాటలు తర్వాత వచ్చాయి. ముందు జనం నచ్చారు. ఊరు వదిలేటప్పుడు ఆ పెద్దాయనే సీడీ చేతిలో పెట్టాడు.

ఇక్కడ వీడి ఉద్యోగం టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. పొద్దస్తమానం తప్పులు ఏరి, సాయంత్రం వచ్చి తప్పు పాట వినేవాడన్నమాట.

"గుర్రాల పాటలండీ పిన్నిగారూ," అనేది వాళ్ళావిడ కృష్ణవేణి. "నాకూ అలవాటైపోయాయి. ఆ గ్లాసు ఎప్పుడు పడుతుందో కూడా నాకు తెలుసు."

వీరాంజనేయులికి మంచి గొంతుంది. మా తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లన్నిటిలో పాడేవాడు. మా ఫంక్షన్లలో పాటంటే ట్రాక్ పాటే. అంటే వాయిద్యాలన్నీ ముందే లాప్‌టాప్‌లో ఉంటాయి, మనిషి దాని వెంట పరిగెత్తుతూ పాడాలి. ఆ ఏడు దీపావళికి హైస్కూలు ఆడిటోరియంలో వీడు పాడుతుంటే ట్రాక్ చటుక్కున ఎగిరి ముందుకెళ్ళిపోయింది. వీడు మొదటి చరణంలో ఉన్నాడు, అది రెండో చరణంలోకి పోయింది. అందుకోబోయాడు, అది మళ్ళీ గెంతింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ముందు వరసలో పిల్లలు నవ్వారు. కల్చరల్ సెక్రటరీ జగన్మోహన్ మైకందుకుని "టెక్నికల్ ప్రాబ్లమ్, నెక్స్ట్ డాన్స్ ఐటెం" అనేశాడు. వీడు దిగి వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. సగం మంది చూడను కూడా లేదు. వెనక చీరల స్టాల్ దగ్గర ఉన్నారు.

నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆ తర్వాత సంగతి కృష్ణవేణి చెప్పింది.

"దీపావళి నుంచి పాడటం మానేశారండీ. స్నానం చేస్తూ కూని రాగం కూడా లేదు. మైకు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశారు. నాకేం పట్టదన్నట్టు ఉంటారు గానీ, ఇల్లు ఇల్లులా లేదు."

వీణ్ణే అడిగేశాను. "పాట మానేశావట?"

"పాటా అది? మెషిన్ వెంట పరిగెత్తడం. మనుషులు వాయిస్తుంటే ఒక్కసారి పాడాలని ఉండేదండీ. జగన్ గారిని అడిగితే వాయిద్యాలూ మైకులూ సరిచూసే సౌండ్ చెక్‌కి టైం లేదన్నారు. పోనీలెండి, విని బతకొచ్చు."

విని బతకొచ్చు. ఆ మాట నాకు నచ్చలేదు. పాడేవాడు పాడకుండా ఉంటే వాడిలో ఏదో గడ్డకట్టిపోతుంది. సరే, ఇలాంటి పాటలు చేత్తో వాయించేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎక్కడుంటారా అని కనబడ్డవాడినల్లా అడిగాను. మా హీటర్లు బాగుచేసేవాడు చెప్పాడు. ఉత్తరంగా వెళ్తే ససెక్స్ కౌంటీలో ఒక ఫైర్ స్టేషన్ హాలు ఉంది, శనివారాలు ముసలివాళ్ళు చేరి వాయిస్తారు, ఎవరైనా రావచ్చు అని.

"ఉత్త వినడానికే," అని ఒట్టు పెట్టి వీణ్ణి బయల్దేరదీశాను. ఫిబ్రవరిలో, దారి పొడుగునా రెండు పక్కలా మంచు గుట్టలు. కృష్ణవేణి పులిహోర డబ్బా పట్టుకుంది. "ఎక్కడికెళ్తున్నామో తెలీకుండా తిండి లేకుండా ఎలా అండీ" అంది.

హాల్లో మడతకుర్చీలు, కాఫీ, ఎవరో ఇంట్లో చేసి తెచ్చిన ఆపిల్ పై అనే తీపి వంటకం. తెల్లతలలే అన్నీ. మేం ముగ్గురం లోపలికెళ్ళగానే అందరూ తిరిగి చూసి, జరిగి చోటిచ్చారు. స్టేజీ మీద ముగ్గురు. ఒకాయన ఫిడేలు, ఒకాయన మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం, మధ్యలో టోపీ పెట్టుకున్న బొజ్జాయన గిటారు పట్టుకుని పాడుతున్నాడు. ఆయన పేరు డ్వేన్.

ఒక పాట మొదలవగానే వీరాంజనేయులు ముందుకి వంగాడు. "పిన్నిగారూ, ఇది మన సీడీలోదే. వరదకి కొట్టుకుపోయిన పొలం పాట."

డ్వేన్ ఒక చరణం చివర గొంతు పైకి తీసుకెళ్ళి అక్కడ నిలిపాడు చూడండీ, నాకు ఒళ్ళు తెలియలేదు. మా వైపు నాటకాల్లో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. అంటే ఆ నటుడు మళ్ళీ పాడాల్సిందే. కత్తిదెబ్బ తిని చచ్చి పడున్నవాడైనా లేచి, పద్యం పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. ఆ అలవాటున నా నోరు తెరుచుకుంది.

"వన్స్‌మోర్," అన్నాను. గట్టిగానే అన్నాను.

పాట ఆగిపోయింది. హాలంతా నా వైపు తిరిగింది. కృష్ణవేణి చున్నీలో మొహం దాచుకుంది. ఈ దేశంలో పాట అయ్యాక చప్పట్లు కొడతారు గానీ మధ్యలో ఆపి మళ్ళీ పాడమనరన్న సంగతి అప్పుడు తట్టింది.

"ఎవరికి ఏం కావాలట?" అన్నాడు డ్వేన్, టోపీ వెనక్కి నెట్టుకుంటూ.

నా బదులు వీరాంజనేయులు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. మా దేశంలో మెచ్చుకోవడం ఇలా ఉంటుందని, చచ్చినవాడు లేచే సంగతితో సహా ఇంగ్లీషులో చెప్పాడు. హాలు ఘొల్లుమంది. డ్వేన్ కూడా నవ్వాడు.

"యాభై ఏళ్ళుగా పాడుతున్నా, ఇంత తొందరపడి ఎవరూ మెచ్చుకోలేదు. నీకు ఈ పాట వచ్చా?"

"వచ్చు. వినడం వచ్చు."

"నేను ముసలాణ్ణి, ఆయాసం. ఆవిడకి మళ్ళీ కావాలంటే నువ్వొచ్చి పాడు."

వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. కూర్చోబోయాడు. నేను కుర్చీ వెనక్కి లాగేశాను. ఆ మాత్రం చెయ్యకపోతే పిన్నినెలా అవుతాను.

వెళ్ళాడు. మైకు ముందు నిలబడ్డాడు. ఫిడేలాయన అడిగాడు, ఏ శ్రుతిలో పాడతావని. ఇన్నేళ్ళూ ట్రాక్ ఎంతిస్తే అంతలో పాడిన మనిషి, తన శ్రుతేమిటో తనకే తెలియదు. అదే చెప్పాడు.

"దానికేం," అన్నాడాయన. "నువ్వు మొదలెట్టు. మేం వెతుక్కుంటూ వస్తాం."

వీడు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. మరీ పైనెత్తుకున్నాడు. గొంతు చీరింది. ఆగిపోయాడు. దీపావళి మళ్ళీ వచ్చిందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ మైకు లాక్కోలేదు. ఆ ముగ్గురూ చేతులు వాయిద్యాల మీద ఉంచుకుని, తొందరేమీ లేనట్టు వీడి మొహంలోకి చూస్తున్నారు. వీడు నీళ్ళు తాగాడు. కాస్త కిందికి దించి మళ్ళీ మొదలెట్టాడు.

ముందు ఫిడేలు వచ్చి చేరింది. తర్వాత గిటారు. ఆ పెద్ద వాయిద్యం అడుగు నుంచి ఒక్కసారి గుమ్మంది, వీడి భుజాలు కిందికి దిగాయి. రెండో చరణంలో వీడు ఒక మాట కావాలనే సాగదీశాడు. వాళ్ళూ సాగారు. ఆపాడు, ఆగారు. రేపల్లె సంగతులేవో దూర్చాడు, ఆ గమకాలు ఆ హాల్లో ఎవరూ విని ఉండరు, ఫిడేలాయన కనుబొమలెగరేసి వెనకాలే పట్టుకున్నాడు. ఆఖరి పాదం వచ్చేసరికి తెల్లతలలన్నీ పాడుతున్నాయి, కాళ్ళతో నేల కొడుతున్నాయి. కృష్ణవేణి ఏడుస్తూ పులిహోర పంచిపెట్టింది.

దారిలో ఇంటికొచ్చేదాకా పాడుతూనే ఉన్నాడు. సీడీ జోలికి పోలేదు. తర్వాత ప్రతి శనివారం వెళ్ళాడు.

ఉగాదికి జగన్మోహన్ ఫోన్ చేశాడు, ట్రాక్ ఎప్పుడిస్తారని.

"ట్రాక్ లేదండీ. ముగ్గురు మనుషులొస్తారు."

"అమెరికన్లా? ఉగాదికి గిటారేమిటి వీరాంజనేయులు గారూ. టైం ఎక్కడుంది?"

నేను పక్కనే ఉన్నాను, ఫోన్ అందుకున్నాను. "జగన్మోహనూ, ఉగాదికి వంట ఎవరు చేస్తున్నారు?"

"మీరే కదా ఆంటీ."

"అయితే పొయ్యి మీద వంటకీ ట్రాక్ పెట్టుకో నాయనా."

పది నిమిషాలిచ్చాడు.

అదే ఆడిటోరియం. డ్వేన్ కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. వీరాంజనేయులు పట్టుపంచె కట్టాడు. మొదట వరద పాట పాడాడు, ఆగి దాని కథ తెలుగులో చెప్పాడు. కృష్ణా పొంగినప్పుడు వాళ్ళ నాన్న పొలం గట్టు మీద ఎలా కూర్చున్నాడో చెప్పాడు. తర్వాత అదే దరువు మీద రాగం తీసి ఒక పాత తెలుగు పద్యం అందుకున్నాడు. చీరల స్టాల్ దగ్గర బేరాలాగిపోయాయి. నడవల్లో జనం నిలబడ్డారు. ఒకచోట గొంతు కాస్త తప్పాడు, నవ్వాడు, ఫిడేలాయన ఆగి దారిచ్చాడు, మళ్ళీ కలిశారు. ఆ తప్పుకే ఎక్కువ చప్పట్లొచ్చాయి.

పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. జగన్మోహన్ గడియారం చూపిస్తూ స్టేజీ మెట్లెక్కాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. వీరాంజనేయులు మైకు దగ్గరికి లాక్కుని, "అక్కడే కూర్చోండి జగన్ గారూ, ఇంకోటుంది," అన్నాడు.

జగన్మోహన్ మెట్టు మీదే కూర్చున్నాడు.