కొండ వెనక పొగగొట్టం

మా పక్కింటి టీచరమ్మ గురువారం పొద్దున్న ఆసుపత్రిలో పోయింది. ఫోను మోగితే చాలు, ఏ చెడ్డ కబురో అని గుండె పట్టుకునేదాన్ని. ఈసారి అదే అయింది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని నేను. ఆమె గురించి రాయడానికి చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఈ సంగతి వదిలేస్తారేమోనని నా బెంగ.

గాజువాకలో మా రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. ఆమె సముద్రం ఒడ్డున ఉన్న బడిలో తెలుగు చెప్పేది. సాయంత్రాలు నెట్ సెంటర్‌కి వెళ్ళి బ్లాగు రాసేది. "బ్లాగంటే ఏటమ్మా?" అని అడిగితే, "బడిలో గోడపత్రిక ఉంటుంది కదా పిన్నీ, అలాంటిదే. గోడ ఒక్కటే పెద్దది" అని నవ్వేది. పిల్లల రాతలు అందులో పెట్టేముందు నాకు చదివి వినిపించేది.

ఒకసారి ఏడో తరగతి పిల్ల రాసింది చదివింది. నడిసముద్రంలో చేపలుండే రాతిదిబ్బని వాళ్ళ నాన్న ఎలా పోల్చుకుంటాడో రాసిందా పిల్ల. ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం కొండ కొమ్ము వెనక్కి చేరాలట. ఒడ్డున గుడి తెల్లటి చుక్కలా కనపడాలట. అప్పుడు వల దించాలట. ఎంత బాగుందో! గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కొచ్చే నేను, ఆరోజు ఏ భయమూ పడలేదు. "పెట్టెయ్యమ్మా, పదిమందీ చదువుతారు" అన్నాను.

చదివారు. ఎవరో అచ్చు తీసి హార్బరుకి పట్టుకెళ్ళారు. వారం తిరిగేసరికి ఆ చోటికి పెద్ద బోట్లు వచ్చిపడ్డాయి. తాత తండ్రికి, తండ్రి కొడుక్కి పడవలోనే చెప్పుకునే గుట్టు అది. కన్నకూతురే బయటపెట్టిందని తండ్రి ఆ పిల్లని బడి మానిపించాడు.

టీచరమ్మ నన్ను తోడు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. గుమ్మంలోనే పిల్ల తల్లి, "ఏటి టీచరమ్మా, ఇంకేటి రాసుకుపోదామని వచ్చినావు?" అంది.

"తప్పు నాది నాయనా, పిల్లది కాదు. అది తీసేశాను" అంది టీచరమ్మ, తండ్రితో.

అతను బాగుచేస్తున్న వల మీంచి తలెత్తలేదు. "నువ్వు తీసేత్తే ఆల బుర్రల్లోంచి పోద్దేటమ్మా? నాను దాన్ని కొట్నేదు. బడికి మాత్రం పంపను."

నాలుగుసార్లు వెళ్ళాం. అదే మాట.

ఆమె బ్లాగు మానలేదు, పద్ధతి మార్చింది. తల్లిదండ్రుల్ని అడగనిదే ఏదీ పెట్టేది కాదు. "పేరు తీసేస్తే సరిపోదు పిన్నీ. పిల్లలు మనకి చెప్పింది మనకే చెప్పినట్టు" అనేది. నా భయాల్ని నవ్వకుండా వినేది. పిల్లల రాతల గురించి కొత్త టీచర్లకీ అదే మాట చెప్పేది. వాళ్ళు వింటారని నాకు నమ్మకం లేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరా ఫోన్లే.

ఆసుపత్రికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్లని బడికి రమ్మని ఇంకొక్కసారి అడగండి పిన్నీ" అంది. ఆమె పోయిన మూడోరోజు వెళ్ళాను. ఆ పిల్ల ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. బాగా పొడుగైంది. టీచరమ్మ పోయిందనీ, ఏమడగమందో అదీ చెప్పాను. ఆ పిల్ల నడుం ఎత్తి నిలబడింది.

"నాతో సదివినోల్లు పదో తరగతి రాసేసినారు మామ్మా. నానిప్పుడెల్లి ఎవుల పక్కన కూకోవాలి?"

ఆ పిల్ల మళ్ళీ వంగి, ఎండిన వైపు ఇసకకీ పచ్చి వైపు ఎండకీ ఒక్కొక్క చేపనే తిప్పుకుంటూ, వరస చివరికంటా వెళ్ళిపోయింది.