చెక్క నేల కింద అక్క చేసిన పని

పోయిన సోమవారం పొద్దున కోదాడలో ఒక ఇంటి గచ్చు కొలుస్తుంటే సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. మా అక్క పోయిందన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందట. తోడబుట్టిన అక్క కాదు. పక్కింటామె, నాకు నేల పని నేర్పిన మనిషి. నా ముఖం చూసి, పక్కనున్న టైల్స్ అతను ఎవరని అడిగాడు. "నా మేస్త్రి" అన్నాను. "ఆడమనిషా?" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఆమె వెంట కూలికి వెళ్లాను. అప్పటికే ఆమె ఇరవై ఏళ్లుగా మేస్త్రీలకు సిమెంటు తట్టలు మోస్తోంది. తాపీ మాత్రం ఎవరూ చేతికివ్వలేదు; పనంతా చూసే నేర్చుకుంది. కొత్త చోటికి పోతే ముందు చెప్పులు విడిచి నేలంతా నడిచేది. "ఎత్తుపల్లం నా కాళ్లకు ముందు తెలుస్తది పిల్లా, తర్వాతనే కండ్లకు" అనేది. మూడుసార్లు ఊడిస్తే గానీ టీ తాగేది కాదు, మమ్మల్నీ తాగనిచ్చేది కాదు.

మిర్యాలగూడలో ఒక వ్యాయామం సారు రిటైరయ్యాక పాత బియ్యం గోదామును బ్యాడ్మింటన్ హాలుగా మార్చాలనుకున్నాడు. కింద చెక్క ఫ్లోరింగ్. దాన్ని బిగించేవాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి. నేలలో తడి ఉన్నా, మట్టంగా లేకపోయినా చెక్క దించకుండానే లారీ తిప్పేస్తామని వాళ్లు ముందే చెప్పారు. కింది గచ్చు పని పట్టిన మా కాంట్రాక్టరు మాత్రం, "పైన చెక్క పడ్డంక కింద ఎవడు సూస్తడు? పైపైన సిమెంటు పూసి ఖతం చెయ్యుండ్రి" అన్నాడు.

అక్క తట్ట దించింది. "లోపల చెమ్మ ఉన్నది. పూస్తే ఆగది."

"తట్టలు మోసేటోళ్లు గూడ మాకు చెప్పుడేనా?" అని అతను నవ్వాడు.

అక్క ఒక ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి, అంచులన్నీ టేపుతో అంటించింది. మర్నాడు సారును పిలిచి, ఆయన ముందే తీసింది. కవరు లోపలంతా నీటిబొట్లు. సారు వేలితో తుడిచి చూసుకున్నాడు.

"ఈ పని నువ్వు చేస్తవా అమ్మా?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "చేస్త సార్. నెలన్నర కావాలె. నడిమిట్ల తొందర పెట్టద్దు."

కాంట్రాక్టరు కోపంతో తన మేస్త్రీలను తీసుకుని వెళ్లిపోయాడు. ఆరుగురం ఆడవాళ్లం మిగిలాం.

ముందు చెమ్మ ఎక్కడిదో వెతికాం. వెనక గోడ పక్కన వాన నీళ్లు నిలుస్తున్నాయి. కాలువ తవ్వి వాటిని పక్కకు మళ్లించాం. తర్వాత అక్క ఇనుప కడ్డీతో నేలంతా తట్టి వింది. గుల్లగా మోగిన ప్రతిచోటా సుద్దతో గీసింది. అక్కడ పగలగొట్టి, దుమ్ము తీసి, తడిపి, పల్చటి సిమెంటు పాలు పోసి, ఇసుక కలిపిన సిమెంటు మాల్ నింపాం. నీళ్లు నింపిన సన్నటి పైపు పట్టుకుని మూల మూలకూ మట్టం చూసుకున్నాం. షట్టర్లు తెరిచి ఆరబెట్టాం. కవరు లోపల ఒక్క బొట్టూ లేని రోజున అక్క దాన్ని మడిచి, నా చేతిలో పెట్టింది.

హైదరాబాద్ నుంచి వచ్చినతను పొడవాటి అల్యూమినియం పట్టెను నేలంతా జరుపుతూ కిందకు రూపాయి బిళ్ల దూర్చి చూశాడు. దాదాపు ఎక్కడా దూరలేదు. ఒక్కచోట మాత్రం దూరింది.

"గాడ జర దిగిందని నాకెరుకే" అంది అక్క. చూస్తే అక్కడ పొద్దున్నే ఆమె గీసిన సుద్దగీత ఉంది. "రేపటిదాక ఆగు. నేనే సాపు చేసి, ఆరినంక నీకు సూపెడత."

అతను లేచి నిలబడ్డాడు. "ఇన్ని హాళ్లు చూశాను గానీ, తప్పు నాకంటే ముందే గీసి పెట్టుకున్న మేస్త్రిని చూడలేదమ్మా" అన్నాడు. తిరిగి పంపుతామన్న లారీలోంచి చెక్కలు దించమని తన మనుషులకు కేకేశాడు.

మేస్త్రి! ఆ మాట అక్కను ఒకరు అనడం అదే మొదటిసారి. తర్వాత సూర్యాపేట నుంచి హాలియా దాకా ఎందరో అన్నారు. మా ఆరుగురిలో నలుగురం మేస్త్రీలమయ్యాం.

ఆమెను తలుచుకుంటే నాకు ఆ హాలు ప్రారంభం రోజే కళ్లముందుకొస్తుంది. సారు ఆమె చేతికి బ్యాటు ఇచ్చాడు. "నాకేం వస్తది సార్?" అంటూనే తీసుకుంది. మొదటి షటిల్ తప్పింది. రెండోది టప్పున తగిలి నెట్ దాటింది. మా కేకలకు పైకప్పు రేకులు మోగాయి. కొంగు నడుముకు దోపి, లైట్ల కింద కోర్టు నడుమ నిలబడి, అక్క బ్యాటు తల మీదికెత్తింది. "ఇంకోటి వెయ్యి సార్!"