ట్యాకిళ్ల కాగితం

ఆ ఆదివారం హాఫ్‌టైమ్‌లో మా కోచ్ నన్నొక మాట అడిగాడు. "వాడు ఎలా ఉన్నాడు?" అని. నేను చేతిలోని కాగితం చూసి, "ఇరవై రెండు ట్యాకిళ్లు. తప్పినది ఒక్కటే" అన్నాను. నేను చేసిన తప్పు అదే. వాడు ఎలా ఉన్నాడో నాకు తెలుసు. నా కళ్లతో చూశాను. అయినా కాగితం చదివాను.

అప్పుడు నేను సిడ్నీలో స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. బ్లాక్‌టౌన్‌లో బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ వృద్ధాశ్రమంలో పని చేసేవారు. అంకుల్ ఎక్కడో గనుల్లో ఉద్యోగం, మూడు వారాలకోసారి వచ్చేవారు. వాళ్లకు ఒక్కడే కొడుకు. మా యూనివర్సిటీలోనే సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఇక్కడే పుట్టాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. నన్ను 'అన్నా' అనేవాడు. నేను విన్న వాడి తెలుగు అదొక్కటే.

వాడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. ఫుట్‌బాల్ అంటే మనకు గుర్తొచ్చే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని ఒకడు దూసుకొస్తాడు. ఎదుటి జట్టువాడు వాణ్ని పట్టి కింద పడేయాలి. అలా పడేయడమే ట్యాకిల్. కబడ్డీ చూసి పెరిగినవాడికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. మావాడు ఆడేది మైదానం నడిమధ్యలో, అంటే అందరూ దూసుకొచ్చే చోట.

ఆంటీకి ఆ ఆటంటే భయం. "గేదెల్లాగా కుమ్ముకుంటారు బాబూ. ప్రతి మ్యాచ్‌కీ నువ్వు కూడా వెళ్తానంటేనే వాణ్ని పంపిస్తా" అన్నారు.

"అమ్మా, ఐ యామ్ నైన్టీన్!" అన్నాడు వాడు.

"పంతొమ్మిదైతే ఒళ్లు ఇనుమైపోద్దా? నోర్ముయ్యి."

అలా నేను ప్రతి ఆదివారం వాడితో వెళ్లి గట్టు మీద కూర్చునేవాణ్ని. ఊరికే కూర్చోవడం చూసి కోచ్ ఒకరోజు అట్ట, పెన్ను నా చేతిలో పెట్టాడు. ట్యాకిల్ చేస్తే గీత, తప్పితే సున్నా. అంతవరకే అతను అడిగింది. నేను అక్కడితో ఆగలేదు. శాతాలు కట్టాను, సూత్రం తయారుచేశాను. ప్రతి మంగళవారం ప్రాక్టీసుకు ముందు డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద ర్యాంకుల లిస్టు అంటించడం మొదలుపెట్టాను. ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్ గోడ మీద ప్రతి సోమవారం అలాంటి లిస్టే పెట్టేవాళ్లు. దాని ముందు నిలబడి నా పేరు కింది నుంచి వెతుక్కునేవాణ్ని. ఇప్పుడు లిస్టు అంటించేవాణ్ని నేను. కండలు తిరిగిన కుర్రాళ్లు వచ్చి దాని ముందు నిలబడి తమ పేరు వెతుక్కుంటుంటే నాకు బాగుండేది. ఎంత బాగుండేదో చెప్పుకోవడానికి ఈరోజుకీ సిగ్గే.

లిస్టులో మొదటి పేరు ఎప్పుడూ మావాడిదే. మ్యాచ్ అవగానే నీళ్లు కూడా తాగకుండా నా దగ్గరికి వచ్చేవాడు. "అన్నా, హౌ మెనీ?"

కోచ్‌కు నా అంకెల మీద ఇష్టమూ ఉండేది, అనుమానమూ ఉండేది. ఒకసారి నన్ను ఆటపట్టించాడు. "మేట్, పోయిన వారం వాళ్లకంటే మనమే ఎక్కువ ట్యాకిళ్లు చేశాం. అయినా చిత్తుగా ఓడాం. ఎందుకంటావ్?"

"ఎందుకు?"

"బంతి మధ్యాహ్నమంతా వాళ్ల దగ్గరే ఉంది గనక. పట్టుకోవడం తప్ప మనకు వేరే పనేముంది?"

అందరూ నవ్వారు. మైదానం అంచున ఆడే పొడుగాటి కుర్రాడొకడు నా లిస్టులో ఎప్పుడూ అట్టడుగున ఉండేవాడు. అడ్డుకోవడంలో మా జట్టులో వాడే గొప్పవాడనేవాడు కోచ్. వాడు నిలబడే చోటు చూసి ఎదుటివాళ్లు అటు రావడమే మానేస్తారట. రానివాడికి గీత ఎలా పెట్టను? కోచ్ మాట లెక్కలు రానివాళ్లు చెప్పే సాకు అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. ఇద్దరు కలిసి అప్పటికే పట్టేసినవాడి మీద మూడోవాడు వచ్చి పడినా, నా పద్ధతిలో అతనికీ ఒక గీత వచ్చేది. నిజంగా ఆపినవాడి గీతా, ఊరికే మీద పడినవాడి గీతా కాగితం మీద ఒకేలా ఉండేవి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మార్చుదాంలే అనుకుంటూనే వారాలు గడిపాను.

ఆ ఆదివారం హాఫ్‌టైమ్‌కు ఇంకా ఆరు నిమిషాలుంది. భారీ మనిషొకడు బంతితో దూసుకొచ్చాడు. మావాడు వంగి కాళ్ల దగ్గర పట్టబోయాడు. అవతలివాడి మోకాలు వచ్చి వీడి కణతకు తగిలింది. ఆ చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది. ఇద్దరూ పడ్డారు. ట్యాకిల్ పూర్తయింది, గీత పెట్టాను. మావాడు మోకాళ్ల మీద లేచి, తర్వాత నిలబడి, తిన్నగా వెళ్లి ఎదుటి జట్టు వరుసలో నిలుచున్నాడు. మేం కాపాడుకోవాల్సిన గోల్‌లైన్ వైపు ముఖం పెట్టి. రెండు మూడు క్షణాలు, అంతే. మా జట్టు కుర్రాడొకడు జెర్సీ పట్టుకుని ఇటు లాగాడు. ఫస్ట్ ఎయిడ్ చూసే అతను అప్పుడు అవతలి చివర ఇంకొకడి చీలమండకు కట్టు కడుతున్నాడు. గట్టు మీద ఉన్నవాళ్లలో అది చూసింది నేనొక్కణ్నే అనుకుంటాను.

విచిత్రమేమిటంటే, అక్కడి నుంచి వాడి గీతలు ఇంకా జోరుగా పెరిగాయి. వాడిక ఎవరినీ ఆపడం లేదు. ఎక్కడ మనుషుల కుప్ప కనిపిస్తే అక్కడికి తూలుతూ వెళ్లి మీద పడుతున్నాడు. ప్రతిసారీ గీత పెట్టాను.

హాఫ్‌టైమ్‌లో వాడు నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాడు. కోచ్ నన్ను ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. "నువ్వు వాడితో ఒకే ఇంట్లో ఉంటావుగా, వాడు ఎలా ఉన్నాడు?"

అంకెలు ఎందుకు చెప్పాను? ఆట గురించి నీకేం తెలుసంటారని భయం. నావల్ల బయట కూర్చోవాల్సి వస్తే వాడు నా ముఖం చూడడని భయం. ఈ రెండూ చెప్పుకోదగ్గ కారణాలే. మూడోది చెప్పుకోలేనిది. ఆ సీజన్ మొత్తంలో అత్యధిక సంఖ్య ఆరోజు నా కాగితం మీద పడబోతోంది. దాన్ని చూడాలని నాకుంది.

"ఇరవై రెండా! అయితే ఆడనీ" అన్నాడు కోచ్.

తర్వాతి నలభై నిమిషాలూ నాకు ఆట కనబడలేదు. వాడొక్కడే కనబడ్డాడు. కింద పడ్డ ప్రతిసారీ, లేస్తాడా అని ఊపిరి బిగబట్టేవాణ్ని. లేచేవాడు. గీత పెట్టేవాణ్ని. పరిగెత్తుకెళ్లి ఆపమని అరవడానికి నాకు అడ్డున్నది ఒక సున్నపు గీత మాత్రమే. దాన్ని దాటలేకపోయాను. అరిస్తే హాఫ్‌టైమ్‌లో ఎందుకు చెప్పలేదంటారు. నిమిషం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

మ్యాచ్ ఓడిపోయాం. వాడు నా దగ్గరికి వచ్చి 'హౌ మెనీ' అనలేదు. కారు తాళాలు నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. దారిలో, "డిడ్ వీ విన్?" అన్నాడు. లేదురా అన్నాను. రెండు సిగ్నళ్లు దాటాక మళ్లీ, "డిడ్ వీ విన్?" ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడితే తగ్గిపోతుందని నాకు నేను చెప్పుకుంటున్నాను. అప్పుడు వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, చిన్నపిల్లాడి గొంతుతో, "అన్నా, మనం ఎక్కడికి పోతన్నాం?" అన్నాడు.

తెలుగులో. అచ్చం వాళ్లమ్మ యాసలో. ఏడు నెలల్లో వాడి నోటి వెంట నేను విన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం అది. కారును ఆసుపత్రి వైపు తిప్పాను.

ఆంటీ డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చారు. ఎమర్జెన్సీ వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది నాయనా. లేకపోతే ఎక్కడ పడిపోయేవాడో నా బిడ్డ."

అప్పుడే డాక్టరమ్మ వచ్చి నన్నడిగింది. దెబ్బ ఎప్పుడు తగిలింది? ఆ తర్వాత కూడా ఆడాడా?

ఆంటీ నా చేతులు ఇంకా వదల్లేదు. "చివర్లో అనుకుంటాను. సరిగా చూడలేదు" అన్నాను. డాక్టరమ్మ రాసుకుని వెళ్లిపోయింది.

ఆంటీ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. చిన్న గొంతుతో, నాకు వినబడేలా. తన బిడ్డకు తోడుగా నన్ను పంపినందుకు ప్రభువుకు స్తోత్రం చెబుతున్నారు. నా జేబులో ఆ కాగితం మడిచి ఉంది. లోపల ఉన్నవాడి గురించి డాక్టరు దగ్గరున్నది అబద్ధం. నేను నోరు తెరవకపోతే వాడికి ఏమవుతుందో నాకు తెలియదు. తెరిస్తే ఈ తల్లి ముందు నా గతేమవుతుందో బాగా తెలుసు. అంతటి భయం అంతకు ముందు నేనెరగను, ఆ తర్వాతా ఎరగను. ఎన్ని నిమిషాలు అలా కూర్చున్నానో చెప్పలేను. ఒక్క నిమిషమైనా ఎక్కువే.

లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి డాక్టరమ్మను పిలవమన్నాను. కాగితం ఆమె ముందు పరిచాను.

"ఇవేమిటి?"

"ట్యాకిళ్లు. దెబ్బ తగిలింది ఇదిగో, ఇక్కడ. హాఫ్‌టైమ్ కంటే ముందే. దీనికి ముందువి లెక్కలోకి తీసుకోవద్దు. ఈ తర్వాతవన్నీ దెబ్బ తిన్నాకే."

ఆమె పెన్ను కొనతో ఒక్కొక్క గీతనూ లెక్కపెట్టింది. "దెబ్బ తగిలాక ఇన్నిసార్లు కింద పడ్డాడా?" అంది. ఫోన్ అందుకుంది. స్కాన్‌కు వాణ్ని వెంటనే తీసుకెళ్లారు.

వెనక్కి తిరిగితే ఆంటీ నిలబడి ఉన్నారు.

"చూశావా? నువ్వు చూశావా వాడికి తగలడం?"

"చూశాను ఆంటీ."

"చూసి ఏం చేశావు?"

"రాసుకున్నాను."

ఆమె నన్ను కొట్టినా బాగుండేది. వెళ్లి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

మెదడు మీద కొద్దిగా రక్తం చేరిందన్నారు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఆరు రోజులు ఉంచి ఇంటికి పంపారు. ఇక జన్మలో ఈ ఆట ఆడకూడదన్నారు.

మంగళవారం ప్రాక్టీసుకు వెళ్లి కోచ్‌కు అంతా చెప్పాను. "అడిగే బదులు నేనే వెళ్లి వాడి కళ్లలోకి చూడాల్సింది" అన్నాడు. అది అతని మంచితనం. నా వంతు తప్పు దానివల్ల తగ్గదు. గోడ మీది లిస్టు పీకేశాను. ఎందుకు పీకానో కుర్రాళ్లకు నా నోటితోనే చెప్పాను. ఒకడు బూటు విసిరికొట్టి బయటికి వెళ్లిపోయాడు.

గది ఖాళీ చేస్తానని ఆంటీతో అన్నాను. ఆమె కూర తరుగుతూ తలెత్తలేదు. "పో. ఎవరాపారు? నేను డ్యూటీకెళ్తే వాణ్నెవరు చూసుకుంటారో అది కూడా చెప్పి పో."

వెళ్లలేదు.

వాడు వారాల తరబడి కర్టెన్లు వేసిన గదిలో ఉండాల్సి వచ్చింది. పుస్తకం చూస్తే తలనొప్పి, కంప్యూటర్ చూస్తే వాంతులు. నా మీద వాడికి కోపం, అదీ నేననుకున్న కారణానికి కాదు. "యూ టోల్డ్ దెమ్, అన్నా" అన్నాడు గోడ వైపు తిరిగి. నేను చెప్పకుండా ఉండుంటే వచ్చే సీజన్ ఆడేవాడట.

వాడి క్లాసులకు వెళ్లడం మొదలుపెట్టాను. నావి చూసుకుని, వాడివి కూడా. వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుని, సాయంత్రం వాడి మంచం పక్కన కూర్చుని పైకి చదివేవాణ్ని. మట్టి ఎంత బరువు మోస్తుంది, నీళ్లు చేరితే ఎలా జారుతుంది. నాకు సగం అర్థమయ్యేది కాదు. మొదటిరోజు ఐదు నిమిషాలకే చాలన్నాడు. ఆపేశాను. రెండో వారంలో, "అన్నా, యువర్ ప్రొనన్సియేషన్ ఈజ్ ఎ క్రైమ్" అన్నాడు. మూడో వారంలో మధ్యలో ఆపి ఒక లెక్క తప్పు రాసుకొచ్చానని సరిదిద్దాడు. పరీక్షలు వాడికి వాయిదా వేశారు. అప్పటిదాకా ఆ గదిలో, ఆ మసక వెలుతురులో, రోజూ చదివాను.