చిన్నమ్మ తిన్న బలపాలు

ఇవాళ పొద్దున బిచ్కుంద దిక్కు నుంచి వచ్చిన ఒక ఆరు నెలల గర్భిణి, తోడొచ్చిన అత్తను నేను నీళ్ల సీసా నెపంతో బయటికి పంపాక, కొంగు ముడి విప్పి నా బల్ల మీద చిన్న మట్టి పెళ్ల పెట్టింది. తొలి వానకు తడిసిన గోడ వాసన గదంతా నిండింది. బాన్సువాడలో పోషకాహార థెరపిస్టుగా కూర్చున్నప్పటి నుంచి ఏ గర్భిణినైనా నేను ముందుగా అడిగేది, చాటుగా ఏం తింటున్నావనే. ఆ ప్రశ్న నాకు కాలేజీ నేర్పలేదు, మా చిన్నమ్మ నేర్పింది.

చిన్నమ్మ అంటే మా నాన్న తమ్ముడి భార్య. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ దగ్గరి పల్లె నుంచి ఆమె మా ఇంటికి కోడలై వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. కోపం వస్తే ఎవరికీ అర్థం కాకుండా మరాఠీలో గొణుక్కునేది, ఆ గొణుగుడు నాకు మహా ముద్దుగా ఉండేది. నిజాంసాగర్ నీళ్లు కాలువకు వదిలిన రోజుల్లో పిల్లలమంతా బడి సంచులు గట్టున పడేసి మోకాళ్ల లోతు నీళ్లలో చేపపిల్లల కోసం దేవులాడి, బురద పాదాలతో ఇల్లు చేరితే, ఆమె నిప్పుల మీద కాల్చిన మక్క కంకికి ఉప్పూ కారం రాసి ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టేది.

ఆమెకు నెల తప్పగానే ఇంటి పెత్తనమంతా చూసే మా నాయనమ్మ రంగంలోకి దిగింది. పిడికెడంత పిల్ల అయితేనే కాన్పు సులువని ఆమె నమ్మకం. ఆకుకూరలు వాతమంది, నువ్వులు వేడి అంది, బొప్పాయి పేరెత్తితేనే చెంపలు వేసుకుంది. వద్దన్నవాటి జాబితా కొండవీటి చాంతాడంత అయింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ఇల్లంతా వేయించిన నువ్వుల వాసనతో ఘుమఘుమలాడుతుంటే, రొట్టెల పొడిలో నువ్వులు, బెల్లం కలిపి మలీద ముద్దలన్నీ కట్టిన చిన్నమ్మ, చేతికంటుకున్నది కూడా కడుక్కుని లేచింది. అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో ఇంత చారు పోసుకుని తినేది. నాయనమ్మకు కోడలంటే ప్రేమ లేక కాదు. ఎండలో నడవనిచ్చేది కాదు, బిందె ఎత్తనిచ్చేది కాదు, రాత్రి స్వయంగా కాళ్లకు నూనె రాసేది.

బడి నుంచి రాగానే నేను చిన్నమ్మ పక్కన చేరి, ఏం కావాలె అని అడిగేదాన్ని. అది పెద్దరికం నటించే ఆట. ఒకరోజు ఆమె నిజంగానే జవాబు చెప్పింది.

"నీ సంచిల తెల్ల బలపం ఉంటె ఒకటియ్యి బిడ్డా. ఎవ్వలకు చెప్పకు."

కటుక్కున కొరికి, కళ్లు మూసుకుని నమిలింది. పెద్దవాళ్లకు తెలియని రహస్యం నా చేతికి దొరికిందని నేను గాల్లో తేలిపోయాను. ఇక రోజూ అదే పని. చింతపండు ఉండలిచ్చి తోటి పిల్లల దగ్గర బలపాలు మార్చుకున్నాను, దొరకనినాడు కొట్టేశాను. రాయడానికి బలపం లేక నా పలక మాత్రం ఖాళీగా ఉండేది, సారు చేతిలో దెబ్బలు తిన్నాను.

ఏడో నెల దాటాక చిన్నమ్మ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. పెదవులు, గోళ్లు తెల్లబడ్డాయి. నొప్పులు మొదలై దవాఖానకు తీసుకుపోతే, ఒంట్లో రక్తమే లేదు, కాన్పు తట్టుకోవడం కష్టమన్నారు. ఏం తింటుండె అని నర్సు అడిగితే అందరూ అన్నమనే చెప్పారు. తలుపు వెనక నిలబడ్డ నాకు మాత్రం సంగతి తెలుసు. తెల్ల బలపాలు తినీ తినీ ఆమె నెత్తురు తెల్లబడిందని, చిన్నమ్మ చస్తే చంపింది నేనేనని అనుకున్నాను. రక్తం ఎక్కించారు, చిన్నమ్మ బతికింది, పిడికెడంత ఆడపిల్లతో ఇల్లు చేరింది. నాయనమ్మ ఆ పసిదాన్ని చూసి, ఆనక దేవుడి అర్ర తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది.

రక్తం తక్కువైతేనే మన్ను మీదికి, సుద్ద మీదికి మనసు పోతుందని, తిన్న మన్ను తిండిలోని ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదని తర్వాత చదువుకున్నాను. చదివినకొద్దీ నా తప్పు ఇంకా పెద్దదైంది. ఈ పని ఎందుకు ఎంచుకున్నావని ఎవరడిగినా ఏదో చెబుతాను కానీ, లోపల మాత్రం అది నాకు నేను వేసుకున్న శిక్షే అనుకునేదాన్ని.

ఇప్పుడు పలకలు పోయాయి, మట్టి గోడలు పోయాయి, నాయనమ్మా పోయింది. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న చిన్నమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఆమె ముందు కక్కేశాను. నా వల్లే నీ ప్రాణం మీదికి వచ్చిందన్నాను. ఆమె కూర తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు తేకపోతె గోడ గీకి తినేదాన్ని," అంది. తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ, "గా ఇంట్ల అందరు నాకు ఏం తినొద్దో చెప్పెటోళ్లే. ఏం కావాలె చిన్నమ్మా అని అడిగింది నువ్వొక్కదానివే బిడ్డా."