సుగుణ ఆంటీ అక్షరాలు ఆగిన వారం

2023 అక్టోబరు. అమెరికాలోని షామ్‌బర్గ్‌లో చెరువు వైపు కిటికీ ఉన్న ఒక గదిలో, రత్నం అంకుల్‌కి సహాయకురాలిగా పనిచేస్తున్నాను. కొన్ని ఇంగ్లీషు దినపత్రికల్లో రోజూ వచ్చే కామిక్ స్ట్రిప్ ఆయనది. నాలుగు గళ్ళు, పిల్లల్ని రోడ్డు దాటించే ముసలి గార్డు, అతని మాట వినని బాతు. ముప్పై ఏళ్ళుగా బొమ్మలు అంకుల్‌వి, అక్షరాలు ఆయన భార్య సుగుణ ఆంటీవి. స్కానింగ్, రంగులు నావి.

స్ట్రిప్‌లో మాటలు చేత్తో రాయడాన్ని లెటరింగ్ అంటారు. ఆంటీ రాస్తుంటే గది మంచు కురుస్తున్నంత నిశ్శబ్దంగా ఉండేది. మధ్యలో తలెత్తి, "ఇన్ని మాటలేంటండీ? మీ బాతేమైనా పాస్టరుగారా?" అనేవారు.

ఆ నెల మొదట్లో ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయారు.

స్ట్రిప్‌లు ఆరు వారాల ముందే పంపాలి. అందుకే భూస్థాపన జరిగిన మర్నాడు కూడా పేపరులో ఆవిడ చేతిరాత వచ్చింది. ఆ తర్వాతా రోజూ వస్తూనే ఉంది. కాఫీ చల్లారిపోయేదాకా అంకుల్ ఆ నాలుగు గళ్ళు చూస్తూ కూర్చునేవారు. బయట చెరువు మీద పొగమంచు. ఆంటీ పక్కగదిలోనే ఉన్నట్టు, ఆవిడ మాట మాత్రం కాస్త ఆలస్యంగా మా దాకా వస్తున్నట్టు ఉండేది.

రెండు వారాలు ఓపికపట్టాక, స్ట్రిప్‌ను పత్రికలకు అందించే సంస్థ ఎడిటర్ ఫోన్ చేసింది. శుక్రవారంలోగా కొత్తవి రాకపోతే స్ట్రిప్ ఆపేయక తప్పదంది.

నేను పాత స్కాన్‌లలోంచి ఆంటీ అక్షరాలు ఏరి, వాటితో ఒక ఫాంట్ తయారుచేశాను.

"మీరు బొమ్మలు గీసేయండి అంకుల్. లాస్ట్‌లో నేను టైప్ చేసేస్తాను. ఎవరికీ తెలీదు."

"అచ్చం ఆంటీ రాసినట్టే ఉందమ్మా," అన్నారు.

కానీ గురువారం ఉదయానికి కూడా ఒక్క గీత పడలేదు.

"ఫాంట్ నచ్చలేదా అంకుల్?"

"నచ్చకేం గ్రేసమ్మా. కాగితమే ఖాళీగా ఉంది. నేను అనుకున్న మాటల్ని ముందు ఆవిడ గళ్ళలో రాసిచ్చేది, తర్వాత నేను గీసేవాణ్ణి. మాట లేకుండా బాతు నోరెలా తెరుస్తుంది?"

రోజూ నా కళ్ళముందు జరిగిన పని అది. స్కానర్ దగ్గర కూర్చుని పూర్తయిన కాగితాలే చూశాను. ఏది ముందో, ఏది వెనకో ఎప్పుడూ గమనించలేదు.

నా చేతిరాత నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. అయినా లేచి వెళ్ళి ఆంటీ బల్ల దగ్గర కూర్చున్నాను. పెన్సిలుతో సన్నని గీతలు కొట్టుకుని, అంకుల్ రాసుకున్న సంభాషణలో మొదటి మాటలు ఇంకుతో రాశాను. అక్షరాలు సగం గడిని తినేశాయి.

"సారీ అంకుల్. మళ్ళీ రాస్తాను."

"ఇలా ఇవ్వు."

కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. "ఆంటీలా లేదు," అన్నారు. నేను తల దించుకున్నాను.

"నీ బాతు గట్టిగా అరుస్తుందే!"

కలం తీసుకుని నా మాటల చుట్టూ గుండ్రంగా గీత గీశారు. బాతు మెడకు చోటు చాలలేదు. దాన్ని కిందికి వంచి వేశారు. అంత మొండి బాతూ మొదటిసారి ఏదో వింటున్నట్టు కనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆరు స్ట్రిప్‌లు వెళ్ళాయి. ఫాంట్ ఇంతవరకూ వాడలేదు. తోడుగా పనిచేసేవారికి నేర్పు తక్కువైనా ఫరవాలేదని, వంతు వచ్చినప్పుడు ముందు నోరు తెరవాలని ఆ వారం నాకు తెలిసింది. మిగిలినదానికి అవతలివాళ్ళు చోటు చేస్తారు.